ఆప్టెస్ పూసిన గాజు మీద పొర నిలవడం లేదు, మీ అనుభవం చెప్పండి

గాజుపలక:
గాజుకు ప్రొటీన్‌ను అతికించడానికి వాడే సైలేన్ (సిలికాన్ సమ్మేళనం) ఆప్టెస్‌ను, అంటే 3-అమైనోప్రొపైల్‌ట్రైఎథాక్సీసైలేన్, టొలీన్‌లో 2 శాతం కలిపి స్లైడ్లకు పూస్తున్నాను. వాటికి ప్రొటీన్ పట్టించి బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) ఉంచితే మర్నాటికి చాలావరకు ఊడిపోతోంది. కొన్నింటి మీద తెల్లటి మసక కూడా. లోపం ఎక్కడుందంటారు?

నీలిబీకరు:
మసక ఉందంటే నీరు ఎక్కువైనట్టే. ఎథాక్సీ సమూహాలు నీటితో చర్య జరిపి, ఎథనాల్‌ను వదిలి సైలనాల్‌గా (సిలికాన్‌కు అంటిన OH) మారతాయి. అది గాజును అంటిపెట్టుకున్న కాస్త తేమతోనే జరగాలి. ద్రావణంలోనే జరిగితే అణువులు తమలో తాము కలిసి ముద్దకట్టి పలక మీద పడతాయి. పైగా దీని చివరనుండే అమైనే (నత్రజని ఉన్న సమూహం) ఉత్ప్రేరకం, వేరే ఆమ్లం అక్కర్లేదు. అందుకే ఇంత దుడుకు! తెరిచి చాలాకాలమైన సీసాను నేను నమ్మను.

గాజుపలక:
సీసా పాతదే. ద్రవం మాత్రం తేటగా ఉంది.

పొరలపిచ్చి:
తేటదనం సాక్ష్యం కాదండీ. ఒక్క అణువు ఎత్తుండే ఒంటిపొర మందం సుమారు 0.7 నానోమీటర్లు. అంతకు ఎన్నో రెట్లుంటే అది పొర కాదు, మేట. పొర మందం కొలిచే ఎలిప్సోమీటర్ లేకపోతే నీటిచుక్క వేయండి. శుభ్రమైన గాజు మీద చుక్క పరుచుకుపోతుంది. ఆప్టెస్ మీద ఉబ్బుగా నిలుస్తుంది, చుక్క అంచు గాజుతో చేసే కోణం సాధారణంగా 50–60 డిగ్రీల దగ్గర. ఒకే పలక మీద చోటుకో కోణం వస్తే పొర సమంగా లేదన్నమాట. టొలీన్‌తో, ఆపైన ఎథనాల్‌తో బాగా కడిగాకే 110 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పెట్టండి. కడగకుండా పెడితే చెత్త కూడా అక్కడే గట్టిపడుతుంది.

నారపోగు:
ఈ టొలీన్ గొడవ అందరికీ అక్కర్లేదు. గాజునారను ఎపాక్సీకి అతికించడానికి మేము నీటిలోనే కలుపుతాం. అమైన్ ఎపాక్సీతో చర్య జరుపుతుంది. పొర ఎగుడుదిగుడుగా ఉన్నా పట్టు వస్తుంది.

నీలిబీకరు:
మీ పనికి చెల్లుతుంది. ప్రొటీన్ పనికి ఆ ఎగుడుదిగుడే శత్రువు.

అమైన్‌గారి అబ్బాయి:
ఒక సంగతి తేల్చుకోండి. ఊడుతున్నది ప్రొటీనా, సైలేనా? తటస్థ పీహెచ్‌లో అమైన్లు ధనావేశంతో ఉంటాయి. ప్రొటీన్ ఆ ఆకర్షణతోనే ఉంటే ఉప్పు బఫర్ దాన్ని కడిగేస్తుంది. అమైన్‌ను ప్రొటీన్‌తో ముడివేసే గ్లూటరాల్డిహైడ్‌తో బంధం కల్పించారా? ప్రొటీన్ లేని పలకను బఫర్‌లో ఉంచి, మర్నాడు చుక్క వేసి చూడండి.

గాజుపలక:
గ్లూటరాల్డిహైడ్ వాడుతూనే ఉన్నాను. ఖాళీ పలక మీద చుక్క దాదాపు చదునుగా పరుచుకుంది.

అమైన్‌గారి అబ్బాయి:
అయితే సైలేనే పోతోంది. ఆప్టెస్‌తో ఇది పాత తలనొప్పి. పొట్టి గొలుసు చివరి అమైన్ వెనక్కి వంగి, సిలికాన్–ఆక్సిజన్ బంధాన్ని నీరు తెంచడానికి తోడ్పడుతుంది. ద్రావణం బదులు ఆవిరి పద్ధతిలో పూసి చూడండి. అదీ చాలకపోతే గొలుసు పొడవైన అమైనోసైలేన్‌కు మారండి.

పొరలపిచ్చి:
దానికి ముందు పలకను ఆక్సిజన్ ప్లాస్మాతో శుభ్రం చేయండి. పిరానా ద్రావణం (గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం) వాడేటట్టయితే టొలీన్ సీసా ఆ దరిదాపుల్లో ఉండకూడదు, పేలుతుంది.