మహిళా సర్పంచ్ ఉంటే ఊరికి నీళ్లు పెరుగుతాయా? పరిశోధకుల లెక్క, మన ఊరి లెక్క

లెక్కల మాస్టారు (కర్నూలు):
మొన్న మరో చర్చలో ఒక సభ్యులు "మహిళా సర్పంచ్ అంటే పేరు ఆమెది, పెత్తనం మొగుడిది, ఊరికి ఒరిగేదేమీ లేదు" అని తేల్చేశారు. ఈ మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. పెత్తనం ఎవరిదన్నది ఒకటి, ఊరికి ఏం ఒరిగిందన్నది మరొకటి. రెండోదాన్ని కొలిచి చూసినవారు ఉన్నారు. రాఘవేంద్ర చట్టోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో మొత్తం 265 పంచాయతీలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ మూడో వంతు పదవులు మహిళలకు ఇచ్చేటప్పుడు, ఏ ఊరు వారికి వెళ్తుందన్నది ఆ ఊరి మంచిచెడ్డలను బట్టి కాకుండా యాదృచ్ఛికంగా తేలింది కనుక, రెండు రకాల ఊళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలైంది. మహిళలకు దక్కిన పంచాయతీల్లో తాగునీటి పనులు రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువగా జరిగాయి. రోడ్ల పనులు మాత్రం బెంగాల్‌లో పెరిగి, రాజస్థాన్‌లో తగ్గాయి. బెంగాల్‌లో రోడ్డు పనికి కూలికి వెళ్లే ఆడవాళ్లు రోడ్లు కావాలని అడిగారు. రాజస్థాన్‌లో రోడ్లు అడిగినవారు ఎక్కువగా మగవాళ్లు. ఊరి ఆడవాళ్లు దేన్ని అడిగారో పంచాయతీ అటు మొగ్గింది.

రాయదుర్గం వాసి:
మాస్టారు గారూ, బీర్భూమ్‌లో చేతిపంపు దించితే నీళ్లు పడతాయేమో గాని, మా వైపు ఆరువందల అడుగులు దించినా ఒక్కోసారి తెల్లదుమ్మే లేస్తుంది. ఇక్కడ నీళ్లు పడటం, పడకపోవడం సర్పంచ్ ఆడా మగా అన్నదాన్ని బట్టి ఉండదు. ఇంకొక మాట. 2021–26 కాలానికి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో పంచాయతీకి వచ్చేదాంట్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టిపడేశారు. సర్పంచ్ ఎవరైనా ఆ డబ్బు అక్కడే ఖర్చుపెట్టాలి. అలాంటప్పుడు ఇరవై ఏళ్ల కిందటి లెక్క తెచ్చి, ఆడవాళ్లు వస్తే నీళ్లకు ఖర్చు పెరుగుతుందని మాకు చెప్పడంలో అర్థమేముంది?

బిందెల వీధి:
మా సర్పంచ్ ఎవరో చెప్పను గాని, కొళాయి నాలుగు రోజులకొకసారే వస్తుంది. ఈ చర్చ చదువుతూ బిందెలు నింపుకుంటున్నాను.

లెక్కల మాస్టారు (కర్నూలు):
60 శాతం మాట నిజమే, కాదనను. మిగిలిన 40 శాతం, ఇంటిపన్ను వంటి సొంత ఆదాయం ఇంకా పంచాయతీ ఇష్టానికే ఉన్నాయి గనుక పోల్చవలసింది అక్కడ. అయితే మీరు మొదటి ప్రశ్నను దాటవేశారు. పెత్తనమంతా భర్తలదే అయితే, మహిళలకు కేటాయించిన ఊళ్లలోనూ మిగతా ఊళ్లలోనూ ఒకే రకం పనులు జరగాలి కదా? రెండు చోట్లా నిర్ణయించేది మగవాడే అయినప్పుడు ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

రాయదుర్గం వాసి:
ఆ మగవాడు ఈ మగవాడు ఒకరు కారు కాబట్టి వచ్చింది. రిజర్వేషన్ లేని ఊళ్లో నిలబడేది తరతరాలుగా పట్టున్న పెద్ద రైతు. మహిళకు వచ్చిన ఊళ్లో ఆ ఇంటివారు వెనక్కి తగ్గితే, ఇంకెవరో చిన్నాచితకా మనిషి తన భార్యను నిలబెడతాడు. కొత్తగా పేరు తెచ్చుకోవాలి గనుక నాలుగు పంపులు వేయిస్తాడు. మీ పరిశోధకులు దాన్ని ఆడవాళ్ల ఖాతాలో రాసుకున్నారు.

లెక్కల మాస్టారు (కర్నూలు):
ఇది మంచి ప్రశ్న, ఈ చర్చలో మొదటిసారిగా. ఆ అనుమానం వాళ్లకూ వచ్చింది. గెలిచిన మహిళలకు చదువు తక్కువ, అనుభవం తక్కువ, మళ్లీ అదే స్థానంలో గెలిచే అవకాశమూ తక్కువ. వీటివల్లనే తేడా వచ్చిందేమో అని విడివిడిగా పరీక్షించి, అది చాలదని తేల్చారు. దక్షిణాది సంగతి కావాలంటే, నాలుగు దక్షిణ రాష్ట్రాల సమాచారంతో రాడు బాన్, విజయేంద్ర రావు 2008లో రాసినదాంట్లో మహిళా అధ్యక్షులు ఉత్త బొమ్మలన్నదానికి ఆధారం దొరకలేదు; మగవారితో పోలిస్తే పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కూడా దొరకలేదు. రాజకీయ అనుభవం ఉన్నవారు మెరుగ్గా చేశారు, అగ్రకులాల పట్టు ఎక్కువగా ఉన్న ఊళ్లలో మాత్రం వెనకబడ్డారు.

రాయదుర్గం వాసి:
అంటే దక్షిణాదిలో తేడా లేదని మీరే ఒప్పుకున్నారు. ధన్యవాదాలు.

సర్పంచ్ (కడప జిల్లా):
ఇంతసేపూ ఇద్దరూ మా గురించే మాట్లాడుతున్నారు గనుక నేనూ ఒక మాట చెబుతాను. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచాను. పంచాయతీ డబ్బు కదలాలంటే నాదీ, కార్యదర్శిదీ డిజిటల్ సంతకాలు పడాలి. ఆ సంతకం కంప్యూటర్‌కు గుచ్చే వేలెడంత కీలో ఉంటుంది. మొదటి ఏడాది ఆ కీ మా మరిది చొక్కా జేబులో తిరిగింది. కార్యదర్శి ఫోను చేసేదీ ఆయనకే. ఒక వేసవిలో బోరు మోటారు కాలిపోయి, పదిహేను మంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మా గడపలోకి వచ్చారు. రివైండింగుకు డబ్బు కట్టాలంటే కీ కావాలి, మరిది ఎవరిదో పెళ్లికి వేరే ఊరు వెళ్లాడు. సాయంత్రం వరకు వాళ్లతోపాటు నేనూ అరుగు మీద కూర్చున్నాను. మరుసటి రోజు కీ నా మంగళసూత్రాల గొలుసుకు కట్టుకున్నాను, ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. నాకు తెలిసిందల్లా ఒక్కటే: బిందెలు పట్టుకుని వాళ్లు వచ్చింది నా దగ్గరకు, మా మరిది దగ్గరకు కాదు.

బిందెల వీధి:
అమ్మా, మా ఊరికి వచ్చి నిలబడండి.

లెక్కల మాస్టారు (కర్నూలు):
సర్పంచ్ గారూ, మీరు చెప్పినదానికి దగ్గరి అంకె ఒకటి ఉంది. బెంగాల్‌లో గ్రామసభకు వచ్చినవారిలో ఆడవాళ్ల వాటా, ప్రధాన్ (అక్కడి సర్పంచ్) మహిళ అయిన చోట 6.9 శాతం నుంచి 9.9 శాతానికి పెరిగింది. రాజస్థాన్‌లో మాత్రం తేడా కనబడలేదు.

రాయదుర్గం వాసి:
మూడు శాతానికి ఇంత సంబరమా? మాస్టారూ, మీరు కర్నూలులో ఫ్యాను కింద కూర్చుని పట్టికలు చూస్తారు. నేను ఎనిమిదేళ్లు ఊరు తిరిగాను. ఎవరి ఇంట్లో చావైనా నేనే పాడె మోశాను, పింఛను ఆగితే నేనే మండలాఫీసుకు వెళ్లాను. 2013లో స్థానం రిజర్వేషన్‌లో వేరేవారికి పోయింది. 2018 నుంచి 2021 వరకు అసలు సర్పంచే లేక ప్రత్యేకాధికారి పాలన నడిచింది. తీరా ఎన్నికలు వచ్చేసరికి జనరల్ మహిళ అన్నారు. నా భార్యను నిలబెట్టాను, గెలిచింది. ఓటు వేసినవారు నన్ను చూసి వేశారు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అవును, కీ నా దగ్గరే ఉంది. జనం నమ్మి ఇచ్చినదాన్ని మోయడం తప్పెలా అవుతుంది?

లెక్కల మాస్టారు (కర్నూలు):
ఈ మాట మొదటే చెప్పి ఉంటే, చేతిపంపుల మీద ఇంత సిరా ఒలకబోసేవాళ్లం కాదు. మీ అభ్యంతరం బీర్భూమ్ మీద కాదు. ఇంటికొక ఓటు, ఇంటికొక పదవి అని మీరు, మనిషికొకటి అని నేను అనుకుంటున్నాం. నేను చెప్పిన పరిశోధన పనులను లెక్కపెట్టింది. పదవి ఎవరి సొత్తో అది తేల్చదు, తేల్చుతుందన్నట్టు నేను మాట్లాడటం నా పొరపాటు.

సర్పంచ్ (కడప జిల్లా):
అన్నా, మీరు ఊరికి చేసినదాన్ని నేను తక్కువ చేయను. ఒక్కటే అడుగుతాను. లోకల్ ఫండ్ ఆడిట్‌వారు ఖర్చు మీద అభ్యంతరం రాస్తే, రికవరీ నోటీసు ఎవరి పేరున వస్తుంది?

రాయదుర్గం వాసి:
ఆమె పేరునే వచ్చింది. జవాబు నేను రాశాను, ఆమె సంతకం చేసింది.

సర్పంచ్ (కడప జిల్లా):
చదివి చేసిందా?

రాయదుర్గం వాసి:
అది మా ఇంటి విషయం. ఆ 60 శాతం సంగతికి మాత్రం మీలో ఒక్కరూ ఇంకా సరైన జవాబు చెప్పలేదు.