అప్‌డేట్: తేలిక ఆంప్లిఫయర్లకు మారాం

మా సౌండ్ సిస్టమ్‌లోని పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్లిఫయర్లు మోయలేకపోతున్నాం, డీఎస్పీ (ధ్వనిని డిజిటల్‌గా సరిచేసే చిప్) ఉన్న క్లాస్-డి అనే తేలిక రకానికి మారొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. మారాం. మొన్న నాగోల్‌లో ఒక పెళ్లికి వాడాం కూడా.

బరువు సంగతి మీరు చెప్పినట్టే. పాతవాటిలో 50 హెర్ట్జ్ కరెంటుకు పెద్ద ఇనప ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొత్తవాటిలోని స్విచింగ్ పవర్ సప్లై వేల హెర్ట్జ్‌లో నడుస్తుంది కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు. ఆంప్లిఫయర్లు బిగించిన ర్యాక్‌ని ఇద్దరు కుర్రాళ్లు మెట్లెక్కించేశారు.

అసలు మేలు మాత్రం డీఎస్పీతోనే. వేదిక దగ్గరి స్పీకర్లకు 20 మీటర్ల వెనక పెట్టిన స్పీకర్ల జతకు 58 మిల్లీసెకన్ల డిలే ఇచ్చాం. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లే వెళ్తుంది మరి. వెనక వరుసల్లో పంతులుగారి మంత్రం రెండుసార్లు వినపడటం ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో!

లిమిటర్‌ని, అంటే స్పీకర్‌కు వెళ్లే వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేదాన్ని, అందాజాగా పెట్టకండి. 8 ఓమ్స్, 500 వాట్ల స్పీకరైతే వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి, 63 వోల్టులు వస్తుంది, అదే హద్దు. రాత్రి డీజే ఫేడర్ (సౌండ్ పెంచే మీట) ఎంత పైకి తోసినా లిమిటర్ ఎర్ర లైటు వెలిగిందే తప్ప స్పీకర్ కాయిల్ కాలిన వాసన రాలేదు.

ఒక్కటే ఇబ్బంది, బరాత్ దుమ్ముకు ఆంప్లిఫయర్ ఫ్యాన్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతోంది. ప్రతి ప్రోగ్రామ్ తర్వాత దులుపుతున్నాం.