ట్రాక్టర్ బ్యాక్‌హో జాకీ ప్లేట్లు: చేలో దిగబడుతున్నాయి, సీసీ రోడ్డు మీద జారుతున్నాయి

పల్నాడు_ట్రాక్టర్:
అందరికీ నమస్తే. మాది పల్నాడు వైపు, అంతా నల్లరేగడి. 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కి వెనక బ్యాక్‌హో (మట్టి తవ్వే బకెట్ చెయ్యి) బిగించుకుని డ్రిప్ మెయిన్ పైపుల కాలవలు, సెప్టిక్ ట్యాంకు గుంతలు, ఇళ్ల పునాదులు తవ్వే కిరాయిలకి వెళ్తుంటాను. బండికి వంక పెట్టడానికి లేదు, ఇబ్బందల్లా తవ్వేటప్పుడు బండి కదలకుండా రెండు పక్కలా నేలకి ఆనించే జాకీ కాళ్లతోనే. బండితో పాటు వచ్చిన ప్లేట్లు 8 అంగుళాల చదరం. గట్టి వాన పడ్డాక చేలో కాలు దింపితే ప్లేటు మట్టిలోకి పోయి కనపడదు, ఒక పక్క ఎక్కువ దిగి బండి ఒరుగుతుంది, ఆ ఒరిగిన పక్కకే బూమ్ (బకెట్‌ని మోసే చెయ్యి) తిప్పాల్సి వస్తే ఇక టెన్షనే. ఊళ్లో సీసీ రోడ్డు మీదేమో దిగే ప్రసక్తి లేదు గానీ బకెట్ లాగినప్పుడల్లా బండి మొత్తం వెనక్కి జరుగుతుంది, రోడ్డు మీద తెల్లగా గీతలు. ఆ గీతలు చూసి ఒకాయన కిరాయిలో డబ్బులు కోసేశాడు కూడా.
మా వెల్డింగ్ ఆయన 2 అడుగుల చదరం ప్లేటు కొట్టేద్దాం అంటున్నాడు. అంత పెద్దది అవసరమా? రబ్బరు వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జగిత్యాల_ఆపరేటర్:
అన్నా, ప్లేటు సంగతి తర్వాత, ముందు కాలిని దింపే హైడ్రాలిక్ సిలిండర్ చూడు. ఒక పక్కే ఎక్కువ దిగుతోందన్నావు కదా, అది మట్టే అని ఎందుకనుకోవాలి? గట్టి నేల మీద రెండు కాళ్లూ దింపి వెనక టైర్లు కొంచెం లేపు, సిలిండర్ రాడ్ మీద సీలు దగ్గర చాక్‌పీసుతో గీత పెట్టి ఇంజన్ ఆపేసి ఓ అరగంట వదిలెయ్. వేడి ఆయిల్ చల్లబడితే కొంచెం తేడా వస్తుంది, అది లెక్కలోకి రాదు. గీత కనపడకుండా రాడ్ లోపలికి పోయిందంటే సీలు అరిగింది, లేదా ఆయిల్ వెనక్కి పోకుండా పట్టి ఉంచే లాక్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంది. అప్పుడు నువ్వు ఎంత ప్లేటు వేసినా బండి ఒరుగుతూనే ఉంటుంది. పిన్నూ బుష్షూ కూడా చూడు, అవి లూజైతే ప్లేటు తిన్నగా ఆనదు, ఒక అంచు మీదే నిలబడుతుంది.

వెల్డింగ్_లేత్_పని:
పై ఆయన చెప్పింది నిజం, అది చూశాకే నా దగ్గరకి రావాలి 🙂

2 అడుగులది మాత్రం వద్దండి. లెక్క చెప్తాను. బూమ్ పక్కకి తిప్పినప్పుడు ఒక్క కాలి మీదే 2 టన్నులు పడ్డాయనుకోండి. మీ 8 అంగుళాల ప్లేటు 400 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 5 కిలోలు. మెత్తటి తడి బంకమట్టి ఒక కిలో మోస్తే గొప్ప, కాబట్టి దిగక ఏం చేస్తుంది. 12 × 16 అంగుళాలు చేస్తే 1.6కి వస్తుంది. 2 అడుగులది చేస్తే అరకిలోకి వస్తుంది నిజమే, కానీ 12 ఎంఎం ఇనుములో అది ఒక్కోటి 35 కిలోలు అవుతుంది. కాలు మడిచినప్పుడు టైరుకో మడ్‌గార్డుకో తగులుతుంది, ఒక మూల కింద రాయి పడిందా పిన్ను మెలి తిరుగుతుంది. ప్లేటు పెద్దదయ్యేకొద్దీ ఆ మెలి భారమంతా వచ్చి కూర్చునేది కాలి చివర ఉన్న ఆ చిన్న పిన్ను మీదే.

నేనైతే 12 × 16 వేసి, అంచులు పైకి ఒంచి, పైన రెండు పక్కలా రిబ్బులు (ఒంగకుండా నిలువు పట్టీలు) కొడతాను. రిబ్బు లేకపోతే 12 ఎంఎం అయినా నాలుగు రోజుల్లో పళ్లెంలా ఒంగిపోతుంది. వాన రోజుల్లో దాని కింద 2 అడుగుల చదరం తుమ్మ చెక్క వేసుకోండి, 2 అంగుళాలకి తక్కువ మందం వద్దు. వెడల్పు కావాల్సింది ఆ నాలుగు రోజులే కదా, దాన్ని ఏడాదంతా కాలికి వేలాడదీసి తిరగడం దేనికి?

రబ్బరుకి క్రషర్ల దగ్గర పాత కన్వేయర్ బెల్టు దొరుకుతుంది. రెండు మూడు పొరలు వేసి బోల్టు బిగించండి, బోల్టు తలకాయలు మాత్రం రబ్బరు లోపలికి దిగి ఉండాలి. పైకి తేలితే మళ్లీ అవే గీతలు, మళ్లీ అదే పంచాయితీ.

డాలస్_తెలుగోడు:
ఇక్కడ టెక్సస్‌లో మా చుట్టుపక్కలా నల్ల బంకమట్టే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు. నాది 25 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్, ఇంటి పని వరకే. నేను పెట్టుకున్నవి తిరగేసే ప్లేట్లు: మధ్యలో కాలు పట్టేంత ఖాళీ ఉంటుంది, ప్లేటు పిన్ను చుట్టూ తిరుగుతుంది, ఒక వైపు ఇనుప పళ్లు, రెండో వైపు పాత టైరు ముక్కలు పేర్చి బిగించిన రబ్బరు. చేలో పళ్లు కిందికి, కాంక్రీటు మీద రబ్బరు కిందికి. అక్కడ లేత్‌లో చేయించుకోవడం ఏమంత కష్టం కాదనుకుంటా.
ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, రబ్బరుకి బురద అంటి ఉంటే తడి కాంక్రీటు మీద ఇనుము కన్నా ఘోరంగా జారుతుంది, దింపే ముందు ఒకసారి గీకండి. ఇంకోటి, వెడల్పు ప్లేటు తడి బంకలో అతుక్కుపోతుంది. ఒక్కసారిగా లేపకుండా ముందు ఒక పక్క కాలు కొంచెం కదిపి ప్లేటు కిందికి గాలి పోనివ్వండి.

పల్నాడు_ట్రాక్టర్:
చాలా థాంక్స్ అండి. ఇవాళే గీత పెట్టి చూశాను, ఎడమ కాలు రాడ్ దిగుతోంది, ఆయిల్ బయటికి మాత్రం కారట్లేదు. అంటే వాల్వా? ప్లేటుకి 12 × 16 ఖాయం, తిరగేసే పద్ధతి బాగుంది. పళ్లు ఎంత ఎత్తు పెట్టించాలి?

జగిత్యాల_ఆపరేటర్:
బయటికి కారకపోయినా లోపల పిస్టన్ సీలు పోయి ఉండొచ్చు. ముందు లాక్ వాల్వ్ విప్పి కడుగు, ఖర్చు లేని పని. దాంతో ఆగకపోతే సీల్ కిట్టు మార్పించు. ప్లేటు వెడల్పైంది కదా అని కాలవ అంచుకి దగ్గరగా మాత్రం కాలు దింపకు అన్నా, తడి నల్లమట్టిలో గట్టు పెళ్లగా విరిగిపోతుంది.

వెల్డింగ్_లేత్_పని:
పళ్లు అంగుళంన్నర చాలు. 50 × 50 ఎంఎం యాంగిలర్ (ఎల్ ఆకారపు ఇనుము) ముక్కలు బోర్లించి వెల్డింగ్ పెట్టించండి, అరిగితే కోసి మళ్లీ వేసుకోవచ్చు. ప్లేటు కోయించే ముందు అట్ట ముక్క అదే సైజులో కత్తిరించి కాలికి కట్టి, కాలు పూర్తిగా మడిచి టైరుకి ఎంత దూరం ఉందో చూసుకోండి, రబ్బరు మందం కూడా కలుపుకుని.