తొమ్మిదేళ్ళ పిల్లకి పాట, డాన్సు, నాటకం మూడూ ఒకేసారా?

అమలాపురం_అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప నాలుగో తరగతి చదువుతోంది. ఏడాదిగా సంగీతం నేర్చుకుంటోంది, సరళీ వరసలు, జంట వరసలు అయ్యి ఇప్పుడు అలంకారాల్లో ఉంది. ఈ మధ్యే కూచిపూడిలో కూడా వేశాం, ఇంకా అడుగుల దగ్గరే. మొన్న స్కూలు యానివర్సరీలో చిన్న ఏకపాత్ర వేసింది. అది చూసిన నాటకాల మాస్టారు ఒకాయన ఇంటికి వచ్చి, వేసవి సెలవుల్లో పిల్లలకి పద్యనాటకం నేర్పిస్తున్నాను, హరిశ్చంద్ర నాటకంలో ఆయన కొడుకు లోహితాస్యుడి వేషానికి మీ పాప సరిగ్గా సరిపోతుంది, పంపించండమ్మా అని అడిగారు. పాప ఎగిరి గంతేసింది. సంగీతం టీచరు గారేమో నాటకానికి పంపిస్తే గొంతు పాడైపోతుంది, అలా అయితే నా దగ్గర మాన్పించేయండి అన్నారు. ఇంట్లో తలో మాటా అంటున్నారు. నాకైతే రాత్రి నిద్ర పట్టట్లేదు, అంత టెన్షన్‌గా ఉంది. పిల్లల్ని ఇలా మూడింట్లోనూ పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లంక_కుర్రోడు:
పంపించండి అక్కా. సెలవుల్లో ఫోన్ పట్టుకుని కూర్చోకుండా ఉంటుంది.

శ్రుతిపెట్టె:
అమ్మా, నేను చాలా ఏళ్ళు సంగీతం చెప్పి రిటైరైనవాడిని. మీ టీచరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అలంకారాల్లో ఉన్న పిల్లకి స్వరస్థానం ఇంకా గొంతులో కూర్చోదు. మాయామాళవగౌళలో మూడు కాలాలూ తడబడకుండా పాడి, గీతాల్లోకి వచ్చి, అకారంలో నిలకడ చిక్కేదాకా ఇంకో పని పెట్టకూడదు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్‌కి నాలుగేళ్ళు, ఆ పైన డిప్లొమాకి రెండేళ్ళు పెట్టారంటే ఊరికే పెట్టలేదు కదా. నాటకంలో పద్యం ఎలా పాడిస్తారో నేను చూశాను. హార్మోనియం పై శ్రుతిలో మొదలవుతుంది, పిల్ల తారస్థాయి షడ్జమం అందుకోలేక గడ్డం పైకెత్తి, మెడనరాలు ఉబ్బేలా అరుస్తుంది, జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లకి అలవాటు పడిన గొంతు మళ్ళీ మంద్రంలోకి దిగి సాధన చెయ్యదు. నారు అందకముందే ఊడ్చేస్తే ఏమవుతుందో మన డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక్కటి ఎంచుకోండి, అది సంగీతమే అవ్వాలి.

పాలకొల్లు_రంగస్థలం:
మాస్టారికి నమస్కారం. కానీ ఈ మాట ఒప్పుకోలేను. పాట వేరు, ఆట వేరు, నటన వేరు అని గోడలు ఎప్పుడు కట్టారండీ? కూచిపూడి భాగవతులు పాడుతూనే ఆడారు, ఆడుతూనే మాట చెప్పారు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువు తానే పాడుకుంటూ వచ్చేది. వెనక ఒకరు పాడితే ముందు ఒకరు పెదవులు కదపడం తర్వాత వచ్చిన పద్ధతి. మన కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచే ఎస్వీ రంగారావు, అంజలీదేవి సినిమాల్లోకి వెళ్ళారు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ళకే కచేరీ చేశారు, ఆ తర్వాత సినిమాలో నారదుడి వేషం కూడా వేశారు. ఆయన గొంతు పాడైందా? పిల్లకి ఉత్సాహం ఉన్నప్పుడు మూడూ చెయ్యనివ్వండి. తనకి ఏది సొంతమో తనే తేల్చుకుంటుంది.

శ్రుతిపెట్టె:
బాలమురళి గారి పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య అది. నారదుడు వేసింది 1967లో వచ్చిన సినిమాలో, అప్పటికి ఆయనకి ముప్పై అయిదు దాటాయి. ముందు సంగీతం, ఎప్పుడో తర్వాత వేషం. మీరిచ్చిన ఉదాహరణ నా మాటకే సాక్ష్యం.

పాలకొల్లు_రంగస్థలం:
ఎనిమిదేళ్ళకి వేదిక ఎక్కారా లేదా, అది చెప్పండి మాస్టారూ. నారదుడి సంగతి వదిలేయండి.

శ్రుతిపెట్టె:
వేదిక ఎక్కింది పాడటానికి, నటించడానికి కాదు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడకండి.

భీమవరం_గజ్జెలు:
మీ ఇద్దరూ గొంతు దగ్గరే ఆగిపోయారు. ఆ పిల్ల డాన్సు కూడా నేర్చుకుంటోంది, కాళ్ళ గురించి ఎవరూ అడగరేం? నేను చిన్నప్పుడు నేర్చుకున్నచోట అరమండి సరిగ్గా కుదరకముందే ప్రోగ్రాములకి తిప్పారు. సిమెంటు గచ్చు మీద గంటలకొద్దీ ప్రాక్టీసు, మోకాళ్ళు పక్కలకి తెరుచుకోకపోతే కర్రతో తట్టేవారు. రికార్డు అంటూ వందలమంది పిల్లల్ని ఎండలో గ్రౌండులో నిలబెట్టి ఆడించారు. డ్రెస్సు అద్దె, మేకప్, ఫోటోలు, అన్నింటికీ విడివిడిగా డబ్బులు కట్టాల్సిందే. పళ్ళెం మీద తరంగం చేయించాలని మా అమ్మకి ఆశ, చేయించారు కూడా. అప్పటికి నాకు పాదం పట్టు లేదు, ఎడమ మోకాలు తిరిగింది. ఇప్పటికీ మెట్లు దిగుతుంటే కలుక్కుమంటుంది. మూడు నేర్పితే తప్పా ఒకటి నేర్పితే తప్పా అని కాదు నేను అడిగేది. పిల్లని ఎప్పుడు స్టేజీ ఎక్కిస్తున్నారు, ఎవరి సరదా కోసం ఎక్కిస్తున్నారు అని.

తణుకు_నాన్న:
ఇంతకీ నాటకానికి ఫీజు ఎంత అడిగారు?

అమలాపురం_అమ్మ:
ఫీజు వద్దన్నారండి. అలంకరణ ఖర్చు కూడా వాళ్ళదేనట.

పాలకొల్లు_రంగస్థలం:
గజ్జెలు గారూ, మీ బాధ అర్థమైంది, ఆ హడావిడి నాకూ నచ్చదు. కానీ నాటకంలో నిజంగా ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. లోహితాస్యుడి వేషానికి పద్యాలు కొన్నే ఉంటాయి. పిల్లకి ముందు పద్యం పాడటం నేర్పరు. పదం విరిచి చదవడం నేర్పుతారు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మీద ఆగాలో. పొట్టలోంచి గాలి తీసి మాట వదలడం వస్తే పాటకి కూడా అదే పనికొస్తుంది. ఇప్పుడు కాలర్ మైకులు వచ్చాయి, చివరి వరసకి వినబడాలని అరవక్కర్లేదు. చెయ్యి తెలిసిన హార్మోనిస్టు పిల్ల గొంతు చూసి శ్రుతి దించుతాడు. ఇవన్నీ చూడకుండా గొంతు పాడైపోతుంది అని బెదిరించడం ధర్మం కాదు.

రాజోలు_చెల్లి:
మా బాబు గొంతు మారే వయసులో నాటకం వేశాడు, ఆ ఏడాది పాట పూర్తిగా ఆపించాం, తర్వాత బానే ఉంది. ఆడపిల్లలకి అంత ఇబ్బంది ఉండదనుకుంటా.

శ్రుతిపెట్టె:
హార్మోనిస్టు శ్రుతి దించుతాడా? ఎవరి కోసం దించాడో ఒక్కరిని చూపించండి. పెద్ద నటుడి శ్రుతికే పెట్టె పెడతాడు, పిల్ల దాని వెనకాల పరిగెత్తాలి. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, అన్నమాచార్య కీర్తన పాడితే గుడిలో పూజారి గారు కూడా హారతి పళ్ళెం పట్టుకుని అలా నిలబడిపోయేవారు. నాటకానికి తీసుకెళ్ళారు. మొదట వేసవి సెలవులన్నారు, తర్వాత జాతర్లు, తర్వాత పరిషత్తు పోటీలు. మళ్ళీ నా గడప తొక్కలేదు. నా కడుపుకోత నాది. పైగా ఈమెది ఆడపిల్ల. ఆ రాత్రిళ్ళు తిరగడం, ఆ రంగులు, ఆ మనుషులు. పాటకీ డాన్సుకీ రేపు ఎవరూ వంక పెట్టరు, సంబంధాలు చూసేటప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు కూడా. నాటకాలు వేసిందంటే మన ఊళ్ళలో ఏమంటారో మీకు తెలియదా?

పాలకొల్లు_రంగస్థలం:
ఇదీ అసలు మాట. ఇంతసేపూ గొంతు గొంతు అని చెప్పి, చివరికి ఇక్కడికి వచ్చారు.
మా అమ్మ నాటకాల్లో చంద్రమతి వేసేది. మా ఊరి జాతరలో ఆవిడ కాటిసీను పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో పెద్దమనుషులు కళ్ళు తుడుచుకునేవారు, వన్స్ మోర్ అని అరిచేవారు. తెల్లారాక వాళ్ళలో ఒక్కరూ మా అరుగు మీద కూర్చునేవారు కాదు, మంచినీళ్ళు ఇచ్చినా పుచ్చుకునేవారు కాదు. స్కూల్లో నన్ను ఏమని పిలిచేవారో ఇక్కడ రాయలేను. ఆవిడ సంపాదనతోనే నేనూ చెల్లీ చదువుకున్నాం. "ఆ మనుషులు" అన్నారే, ఆ మనుషుల్లో మా అమ్మ ఉంది మాస్టారూ. మీ శిష్యురాలు ఎందుకు తిరిగి రాలేదో ఎప్పుడైనా వెళ్ళి అడిగారా?

ముమ్మిడివరం_మనవరాలు:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతాను. ఈ రోజు రాయకుండా ఉండలేకపోయాను.
"పాటకీ డాన్సుకీ ఎవరూ వంక పెట్టరు" అన్నారు. ఈ గోదావరి ఊళ్ళలోనే, మా ముమ్మిడివరంలో, బల్లిపాడులో, భామాకలాపం, గొల్లకలాపం తరతరాలుగా నిలబెట్టింది కలావంతుల ఆడవాళ్ళు, అంటే గుళ్ళకి అంకితమిచ్చిన దేవదాసీల కుటుంబాల వాళ్ళు. వాళ్ళు పాడేవారు, ఆడేవారు, అభినయించేవారు. మూడు క్లాసులకి మూడు ఇళ్ళకి వెళ్ళి నేర్చుకున్నది కాదు, ఒకే పెద్దావిడ ముందు కూర్చుని నేర్చుకున్నది. అప్పుడు ఆ పాటకీ ఆ డాన్సుకీ వంక పెట్టినవాళ్ళు అందరూ. 1947లో మద్రాసు చట్టం వచ్చి ఆడపిల్లల్ని గుళ్ళకి అంకితమివ్వడం ఆపింది, అది ఆపాల్సిందే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ ఆ ఆచారంతో పాటు వాళ్ళ చేతిలోని విద్యని కూడా చీదరించుకున్నారు. నటరాజ రామకృష్ణ గారు అలాంటి పెద్దవాళ్ళని వెతుక్కుంటూ వచ్చి, దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆంధ్రనాట్యం అని నిలబెట్టారు కాబట్టి కొంతైనా మిగిలింది.
మా అమ్మమ్మ మధ్యాహ్నం పూట వీధి తలుపు గడియ పెట్టుకుని మాకు పదం అభినయించి చూపించేది. కూర్చునే చేసేది, లేచేది కాదు. ఒక్క కనుబొమ ఎత్తితే చాలు, వచ్చింది నాయకుడో చెలికత్తో తెలిసిపోయేది. అడుగుల చప్పుడు పక్కింటికి వినపడుతుందని మా అమ్మని మాత్రం నేర్చుకోనివ్వలేదు. ఇప్పుడు అదే అభినయం డబ్బు కట్టి నేర్చుకుంటే గౌరవం. అప్పుడు డాన్సు చేసే ఆడపిల్ల అన్నారు, ఇప్పుడు నాటకం వేసే ఆడపిల్ల అంటున్నారు. అంతే తేడా.

భీమవరం_గజ్జెలు:
నాకు అరంగేట్రం ఇన్విటేషన్ మీద మా పెదనాన్న పెద్ద పెద్ద పేర్లన్నీ వేయించాడు. కాలేజీలో నాటకం వేస్తానంటే ఆయనే చెయ్యెత్తాడు. ఇప్పటిదాకా ఈ రెండూ కలిపి ఆలోచించలేదు.

లంక_కుర్రోడు:
మాస్టారూ, కోపం వద్దు, ఏమైనా చెప్పండి.

శ్రుతిపెట్టె:
చెబుతాను. మీ అమ్మగారి గురించి గానీ, ఆ అమ్మాయి అమ్మమ్మ గారి గురించి గానీ నాకు చులకన లేదు. నాకున్నది భయం. ప్రదర్శన ఏ రాత్రి రెండింటికో అవుతుంది. వ్యానులో పదిమంది మగవాళ్ళ మధ్య తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరు చూస్తారు? పాడు లోకం అని తెలిసీ పంపించేయమని నేను రాయలేను. సంగీతం క్లాసుకి తల్లి గుమ్మంలో కూర్చుంటుంది. నాటకానికి కూర్చోనిస్తారా?

పాలకొల్లు_రంగస్థలం:
ఈ ప్రశ్న ముందే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కూర్చోనివ్వాలి. కూర్చోనివ్వకపోతే పంపించకూడదు, అది నేనూ ఒప్పుకుంటాను. మా అమ్మ ఏ ప్రదర్శనకి వెళ్ళినా మా మేనత్త వెంట ఉండేది. అమ్మా, ఆ మాస్టారిని మూడు విషయాలు అడగండి. రిహార్సల్ పగలా రాత్రా, మీరు అక్కడే ఉండొచ్చా, పాప శ్రుతికి హార్మోనియం పెడతారా. తిన్నగా జవాబు చెప్పకపోతే పంపించకండి. ఇంకొకటి, రిహార్సల్‌లో పాప పద్యం తప్పితే ఆయన ఎలా సరిదిద్దుతున్నాడో కళ్ళారా చూడండి. కసురుకునేవాడి దగ్గర ఏ విద్యా వద్దు.

అమలాపురం_అమ్మ:
అందరివీ చదివాను. ఒక సంగతి నేను మొదట రాయలేదు. మా అత్తయ్య గారు గొంతు గురించి ఒక్క మాట కూడా అనలేదు. "మన ఇంటా వంటా లేదు, వీధిలో తలెత్తుకోలేం" అన్నారు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా పేపర్ తీసుకుని కూర్చున్నారు. టీచరు గారి మాట దొరకగానే అందరూ దాన్నే పట్టుకున్నారు, ఎందుకంటే అది గట్టిగా చెప్పుకోవడానికి బావుంటుంది. నిన్న పాప అడిగింది, "డాన్సులో సత్యభామ వేస్తే నానమ్మ ఫోటో తీయమంటుంది కదా, లోహితాస్యుడు వేస్తే ఎందుకు వద్దంటుంది" అని. నా దగ్గర జవాబు లేదు.

రాజోలు_చెల్లి:
లోహితాస్యుడు మగపిల్లాడి వేషం అని చెప్పండి నానమ్మ గారికి, ఒప్పుకుంటారేమో. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలు వేస్తే పద్మశ్రీ ఇచ్చారు కదా.

ముమ్మిడివరం_మనవరాలు:
అలా దొడ్డిదారిన ఒప్పించకండి దయచేసి. రేపు చంద్రమతి వేస్తానంటే మళ్ళీ ఇదే గొడవ. ఇప్పుడే ఇంట్లో నోరు విప్పి మాట్లాడండి.

శ్రుతిపెట్టె:
అమ్మా, మీరు పంపించాలనే నిర్ణయించుకుంటే ఇవి పాటించండి. పొద్దున్న సాధన మానకూడదు, అరగంటైనా మంద్రంలో అకారం పాడించండి. రిహార్సల్ ఉన్న రోజు డాన్సు క్లాసు వద్దు, అలసిన ఊపిరితో పద్యం ఎత్తకూడదు. గొంతు బొంగురు పోతే ఆ రోజే ఆపెయ్యాలి, వేషం పోతే పోయింది. మూడూ ఒకేసారి వద్దనే మాట మీద నేను ఇంకా ఉన్నాను. రంగస్థలం గారు అడిగారు కదా, ఆ అమ్మాయి ఇప్పుడు రావులపాలెంలో ఉంటోందని విన్నాను. వెళ్ళి కలుస్తాను.

అమలాపురం_అమ్మ:
ఆదివారం రిహార్సల్ చూడటానికి వెళ్తున్నాం. మా ఆయన వస్తానన్నారు. అత్తయ్య గారికి కూడా చెప్పాను, గొంతు గురించి కాదు అత్తయ్యా, వీధి గురించే కదా మీ బాధ అని సూటిగానే అడిగాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సంగీతం టీచరు గారి దగ్గర మాన్పించను, ఆవిడ మాన్పిస్తే అప్పుడు చూద్దాం.