వైజాగ్ సిటీలో రోజూ తిరగడానికి రెట్రో బండి తీసుకోవచ్చా, వద్దా?

పెందుర్తి_రోడ్డు:

అందరికీ నమస్కారం. పెందుర్తి నుంచి సిరిపురంలో ఆఫీసుకి రోజూ వెళ్ళొస్తాను, ఒకవైపే పద్దెనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా 125 సీసీ బండి నడుపుతున్నాను, దాని పని అయిపోవచ్చింది. చిన్నప్పట్నుంచీ మనసు పాతకాలం రూపంలో ఉండే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీదే ఉంది. ఇంట్లో మాత్రం "సిటీలో అంత బరువు బండి ఎందుకురా" అంటున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, కొంటే ఇప్పుడే కొనాలని ఉంది (350 దాటితే 40 శాతం, అందుకే అటు చూడట్లేదు). అరకు, లంబసింగి రైడ్ల కబుర్లు వద్దు. రోజూ ఎన్ఏడీ దాటి, తాటిచెట్లపాలెం, గురుద్వారా మీదుగా వెళ్ళేవాడికి ఈ బండి పనికొస్తుందా లేదా, వాడినవాళ్ళు చెప్పండి.

ఉప్పుగాలి:

తమ్ముడూ, వద్దు. నేను పెదవాల్తేరులో ఉంటాను, మా డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. 2019లో ఒంటినిండా క్రోమ్ ఉన్న రెట్రో బండి కొన్నాను, 2024లో అమ్మేశాను. ఏ కంపెనీదన్నది అనవసరం, ఎందుకంటే ఇంజిన్ మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు. నన్ను ఏడిపించింది తుప్పు. కొన్న మొదటి వానాకాలంలోనే వెనక చక్రం రిమ్ములో, స్పోక్ వచ్చి దిగే చోట ఉండే ఆ చిన్న నిపుల్ చుట్టూ, ఆవగింజంత కాషాయం రంగు చుక్క కనిపించింది. గుడ్డ పెట్టి తుడిస్తే పోయింది. వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే వచ్చింది, పక్కన ఇంకో రెండు. ఆ తర్వాత సైలెన్సర్ అడుగున, క్రాష్ గార్డు వంపు లోపలివైపు, అద్దాల కాడల మొదట్లో, చెయ్యి పట్టని ప్రతి సందులోనూ మొదలైంది.

క్రోమ్ అనేది పైపూత. దాని కింద నికెల్, దాని కింద మామూలు ఇనుమే. ఆ పూతలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి, ఉప్పు తేమ వాటిలోంచి దిగి లోపలి ఇనుముని తినేస్తుంది. పైకి చుక్కే కనిపిస్తుంది, గోటితో గీరితే పెచ్చు ఊడొస్తుంది. నల్ల పెయింట్ వేసిన మామూలు బండికి ఈ బాధ ఇంత ఉండదు. రెట్రో బండి అందమంతా ఆ మెరుపులోనే ఉంది, మన ఊరి గాలి ముందుగా పట్టుకునేది కూడా దాన్నే. ప్రతిసారీ సర్వీసులో ప్రెషర్ నీళ్ళు కొట్టి, ఆరబెట్టకుండానే తాళం చేతిలో పెట్టేవారు. ఎంత చెప్పినా వినలేదు.

ఇక బరువు. క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. మామూలు స్కూటర్ 105, 110 కిలోలు. కదులుతున్నంతసేపూ తెలీదు. జగదాంబ దగ్గర రెండు స్కూటర్ల మధ్య ఇరికించి పెట్టిన బండిని వెనక్కి లాగేటప్పుడు, అదీ నేల కాస్త ముందుకి వాలి ఉంటే, అప్పుడు తెలుస్తుంది. నడుం పట్టేసి రెండు రోజులు సెలవు పెట్టాను ఒకసారి.

మూడో_గేర్:

ఉప్పుగాలి అన్నా, తుప్పు సంగతి ఒప్పుకుంటాను, కానీ బరువు వల్ల సిటీకి పనికిరాదంటే ఒప్పుకోను. నేను 2022 నుంచి క్లాసిక్ 350 మీదే కంచరపాలెం నుంచి గాజువాక వెళ్ళొస్తున్నాను, ఆదివారాలు తప్ప రోజూ.

సిటీలో మనం నడిపేది ఎంత స్పీడులో? ఇరవై నుంచి యాభై. ఆ స్పీడులో లాగడానికే ఈ ఇంజిన్ చేశారు. బోర్ (సిలిండర్ వెడల్పు) 72 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 85.8, అంటే పిస్టన్ పొడుగ్గా ప్రయాణం చేస్తుంది, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, అంటే కింది ఆర్‌పీఎంలోనే, బలం వచ్చేస్తుంది. 27 ఎన్ఎం టార్క్ (లాగే బలం), అదీ 4000 ఆర్‌పీఎంకే. 125 సీసీ బళ్ళలో ఇది పదీ పదకొండు దగ్గర ఉంటుంది. షీలానగర్ దాటాక పోర్టు వైపు నుంచి వచ్చే కంటెయినర్ లారీల మధ్య ఇది ఎంత పనికొస్తుందో చెప్తాను. ముందు లారీ నెమ్మదిస్తుంది, నేను మూడో గేర్లో ముప్పైకి దిగుతాను, అది పక్కకి జరగ్గానే గేర్ మార్చకుండా యాక్సిలరేటర్ ఇస్తే చాలు, దుగ్ దుగ్ మని లాక్కుపోతుంది. ఇంతకుముందు నా దగ్గరున్న 150 సీసీ స్పోర్ట్స్ మోడల్ బండితో అదే చోట రెండు గేర్లు దించి గోల చేయించాల్సి వచ్చేది, ఇంటికొచ్చేసరికి ఎడమ చెయ్యి లాగేసేది.

ఇంకోటి, కూర్చునే తీరు. హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది, వీపు నిటారుగా ఉంటుంది, ముందు కారు మీదుగా రెండో కారు బ్రేక్ లైటు కూడా కనిపిస్తుంది. మా నాన్నగారి పాత బుల్లెట్‌కి కుడికాలి గేరు, కిక్కు కొట్టాలంటే భయం, ఒళ్ళంతా వణుకు. అది వేరే కాలం. 2021లో క్లాసిక్‌కి వచ్చిన ఈ కొత్త ఇంజిన్లో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, ఆ వణుకు చాలావరకు పోయింది. పాత బండి గురించి విన్నవి కొత్త బండికి అంటగట్టొద్దు.

అయితే ఎండాకాలం సిగ్నల్లో కుడి పిక్కకి వేడి తగులుతుంది, అది నిజం. ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు నిమిషాలు ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపేస్తాను.

ఎంవీపీ_సెక్టార్:

నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఇక్కడ అందరూ ఇంజిన్ గురించి మాట్లాడుతున్నారు, కాళ్ళు నేలకి ఆనడం గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి చెప్తున్నాను. క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, కాగితం మీద చూస్తే పెద్ద ఎత్తేం కాదు, కానీ సీటు వెడల్పు వల్ల తొడలు పక్కకి జరిగి మునివేళ్ళే ఆనతాయి. సిరిపురం ఎత్తులో ట్రాఫిక్ ఆగితే, కుడికాలు బ్రేక్ మీద, ఎడమకాలి మునివేళ్ళ మీద 195 కిలోలు. టెస్ట్ రైడ్‌లో ఆ ఒక్క నిమిషం పడిన టెన్షన్‌తోనే వద్దనుకున్నాను. అదే కంపెనీ హంటర్ 350 తీసుకున్నాను, దానిదీ అదే ఇంజిన్. సీటు 790, బరువు 181 కిలోలు, చక్రాలు 17 అంగుళాలవి, సందుల్లో చటుక్కున తిరుగుతుంది. గుంటల్లో వెనక సస్పెన్షన్ గట్టిగా తగులుతుంది, నా బరువుకి మరీను. అయినా రోజూ నేనే నడుపుతున్నాను, దిగాలనిపించదు. పెందుర్తి తమ్ముడూ, మీ ఎత్తెంతో చెప్పలేదు మీరు.

పానా_14:

అక్కయ్యపాలెంలో పాతికేళ్ళుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను, ఈ రెండు పక్షాల బళ్ళూ నా దగ్గరికే వస్తాయి.

ముందు చక్రాల సంగతి తేల్చుకోండి. స్పోక్ చక్రాలు చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిలో ట్యూబ్ ఉంటుంది. పంచరైతే చక్రం విప్పాలి. రాత్రి తొమ్మిదింటికి కాన్వెంట్ జంక్షన్ దగ్గర మేకు దిగితే, 195 కిలోల బండిని గాలి లేని టైరుతో ఎంత దూరం తోస్తారు? అల్లాయ్, ట్యూబ్‌లెస్ అయితే మేకు అలాగే ఉంచి గాలి కొట్టించుకుని ఇంటికి చేరొచ్చు. క్లాసిక్‌లో రెండు రకాలూ ఉన్నాయి. రోజువారీ వాడకానికి అల్లాయ్ తీసుకోండి, ఉప్పుగాలి గారు చెప్పిన నిపుల్ తుప్పు బాధ కూడా సగం అక్కడే పోతుంది.

తుప్పు గురించి ఇంకో మాట. చాలామంది బండి పాడవకూడదని రాత్రి కవర్ కప్పుతారు. తడి బండి మీద కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, కప్పకపోవడమే మేలు. వారానికోసారి మామూలు నీళ్ళతో, ప్రెషర్ లేకుండా కడిగి, సందుల్లోకి పాత బనియన్ గుడ్డ పోనిచ్చి తుడిచి, అరగంట ఎండలో ఉంచి, క్రోమ్ మీద పల్చగా వ్యాక్స్ రుద్దండి. బ్రేక్ డిస్కు మీద మాత్రం నూనె చుక్క కూడా పడకూడదు. చెయిన్‌కి అయిదొందల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి లూబ్ కొట్టండి. ఇలా చూసుకున్న బండి ఒకటి సముద్రం పక్కనే ఉన్న లాసన్స్ బే నుంచే వస్తుంది, ఆరేళ్ళదైనా సైలెన్సర్‌లో మొహం చూసుకోవచ్చు. చూసుకోని బండి సముద్రానికి దూరంగా గోపాలపట్నంలో ఉన్నా తుప్పు పడుతుంది.

ఉప్పుగాలి:

పానా గారూ, మీరు చెప్పిందంతా నిజమే, నేనూ ఏడాదిన్నర అలాగే చేశాను. ఆదివారం పొద్దున్న గంటన్నర దానికే పోయేది. తర్వాత పాప పుట్టింది, ఆ గంటన్నర దొరకలేదు, రెండు వానాకాలాల్లో బండి చేయి దాటిపోయింది. అందుకే అడుగుతున్నాను, ఆఫీసుకి వెళ్ళొచ్చే బండికి ఆదివారం ఎందుకు ఇవ్వాలి? ఇప్పుడు స్కూటర్ వాడుతున్నాను, నెల రోజులు కడక్కపోయినా మాట్లాడకుండా తిరుగుతుంది. ఆ బండిని ఇష్టపడి కొన్నాను కాబట్టే ఇంత చెప్తున్నాను. అమ్మిన రోజు ట్యాంకు మీద చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

మూడో_గేర్:

అన్నా, అర్థమైంది. కానీ తమ్ముడుండేది సముద్రానికి దూరంగా పెందుర్తిలో, ఆఫీసు సిరిపురం. బీచ్ రోడ్డుకి దగ్గరగా బండి ఉండేది ఆ ఎనిమిది గంటలే, అదీ సెల్లార్ పార్కింగ్ ఉంటే ఇంకా నయం. రాత్రంతా సముద్రపు గాలికి నిలబడే మీ బండికీ దానికీ చాలా తేడా ఉంది. మైలేజీ కూడా చెప్పాలి, నాకు సిటీలో లీటరుకి 32 దాకా వస్తోంది. ఇప్పుడున్న 125తో పోలిస్తే పెట్రోలు ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది తమ్ముడూ, అది లెక్కలో వేసుకో.

పెందుర్తి_రోడ్డు:

అందరికీ థాంక్స్. నా ఎత్తు ఐదడుగుల ఏడు. ఆఫీసు పార్కింగ్ సెల్లార్లోనే, కానీ దిగే ర్యాంప్ నిటారుగా ఉంటుంది, సాయంత్రం బయటికి తీసేటప్పుడు అక్కడే క్యూ కట్టి ఆగుతాం. ఎంవీపీ అక్క చెప్పాక అది గుర్తొచ్చింది, అంతవరకు దాని గురించి ఆలోచించనేలేదు. స్పోక్ చక్రాలు వదిలేశాను, తీసుకుంటే అల్లాయ్, క్రోమ్ తక్కువున్న నల్ల రంగు. శనివారం షోరూమ్‌లో క్లాసిక్, హంటర్ రెండూ అడిగాను. రెండింటినీ మా ఆఫీసు ర్యాంప్ దాకా తెచ్చుకోనిస్తామన్నారు. నాన్నని వెనక కూర్చోబెట్టుకుని, ర్యాంప్ మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించి చూస్తాను. ఆదివారం రాత్రి ఇక్కడే రాస్తాను.