నిద్రమాత్ర తగ్గిస్తున్నవారికి తోడుండేవాళ్లు రోజూ డైరీలో ఏం రాయిస్తున్నారు?

క్లోనజెపామ్‌ను (నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మాత్ర) డాక్టరు పర్యవేక్షణలో తగ్గిస్తున్నవారికి తోడుగా ఉండేవాళ్లను అడుగుతున్నాను. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అప్పుడు వాడుతున్న మోతాదులో 5–10 శాతం తగ్గించడం తెలిసిందే. చిక్కంతా చివర్లోనే. 0.25 మి.గ్రా. బిళ్లను బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తే ఏ రెండూ సమానంగా రావు. ఒకరోజు ఎక్కువ, మర్నాడు తక్కువ పడి వణుకు మొదలవుతుంది. అదే కోవకు చెందిన, ఎక్కువసేపు పనిచేసే డయాజెపామ్‌కు మారడమా, ద్రవరూపంలో తయారు చేయించడమా? డాక్టరుతో మాట్లాడాక ఏది కుదిరింది?

ఇంకొకటి. మందు పూర్తిగా మానేశాక కూడా కొందరికి నెలల తరబడి నిద్రలేమి, చెవిలో హోరు అలలుగా వచ్చిపోతుంటాయి. ఆ సమయంలో ‘ఓపిక పట్టండి’ అంటే చిరాకే. నిద్ర గంటలు, లక్షణం తీవ్రత 0–10, కాఫీ, మద్యం కాక ఇంకేం రాయిస్తున్నారు? రోజూ రాస్తే ధ్యాసంతా లక్షణాల మీదకే పోతోందా? (మూర్ఛ, మతిభ్రమ, చావు ఆలోచనలు ఉంటే వెంటనే ఆసుపత్రికే, అందులో సందేహం లేదు.)