డిస్‌ప్లే రాని కంప్యూటర్: ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడాలా, విడిభాగాలు విప్పి చూడాలా?

ప్రశ్న అడిగినవారు:
పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి కానీ డిస్‌ప్లే రావడం లేదు, బీప్ కూడా వినిపించడం లేదు. రిపేరు చేసేవారు క్యాబినెట్ విప్పకుండానే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చమంటున్నారు. ఇది సరైన పద్ధతేనా?

రిపేరు పనిలో ఉన్న సభ్యుడు:
నేనూ ముందు ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానిస్తాను. ఫ్యాను తిరిగినంత మాత్రాన కరెంటు సక్రమంగా అందుతున్నట్టు కాదు. వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక, 100 నుంచి 500 మిల్లీసెకన్లలోపు, ఎస్‌ఎంపీఎస్ 'పవర్ గుడ్' అనే సంకేతాన్ని మదర్‌బోర్డుకు పంపాలి. అది అందనంతవరకు బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే ఉంచుతుంది కాబట్టి ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా తెర నల్లగానే ఉండిపోతుంది. బాగా పనిచేస్తున్న వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూస్తే విషయం అప్పుడే తేలిపోతుంది.

మరో సభ్యురాలు:
పవర్ గుడ్ గురించి మీరు చెప్పింది నిజమే, అయితే దాన్ని మీటరుతో కొలవవచ్చు కదా! 24 పిన్నుల కనెక్టరులో 8వ పిన్ను అదే. పాత కేబుళ్లలో బూడిద రంగు తీగ, ఇప్పుడు చాలావాటిలో తీగలన్నీ నలుపే కనుక పిన్నులు లెక్కపెట్టుకోవాలి. మెషిన్ ఆన్‌లో ఉండగా అక్కడ సుమారు 5 వోల్టులు, 12 వోల్టుల లైనులో 11.4 నుంచి 12.6 లోపు కనిపిస్తే, కొత్తది కొనిపించడానికి అప్పటికి కారణమేమీ లేదు.

అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ప్లగ్గు తీసేసి, ర్యామ్ స్టిక్కులన్నీ బయట పెట్టి, బోర్డుకు చిన్న స్పీకరు తగిలించి ఆన్ చేయండి. ర్యామ్ లేదని బీప్ వినిపిస్తే ప్రాసెసర్ బయోస్‌ను (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామును) నడిపిస్తోందని, పవర్ గుడ్ కూడా అందిందని అర్థం. ఇక ర్యామ్, దాని స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటే చాలు. బీప్ రాకపోతే ప్రాసెసర్‌కు కరెంటిచ్చే 8 పిన్నుల కనెక్టరును చూడాలి, ఎందుకంటే అది ఊడి ఉన్నా ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి. స్పీకరు లేకపోయినా, ఇటీవలి చాలా బోర్డులలో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి, ఏది ఆరకుండా నిలిచిందో చూస్తే పోస్ట్ (ఆన్ చేయగానే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకోవడం) ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

రిపేరు పనిలో ఉన్న సభ్యుడు:
కొలతల విషయం ఒప్పుకుంటాను. కానీ ర్యామ్ తీసేసినప్పుడు లోడు చాలా తక్కువ. అప్పుడు బాగానే ఉన్న ఎస్‌ఎంపీఎస్ గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగగానే చేతులెత్తేయవచ్చు.

మరో సభ్యురాలు:
అలాంటప్పుడు మెషిన్ ఆగిపోవడమో, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ కావడమో ఎక్కువగా చూస్తాం. ఇక్కడ అది లేదు. ప్రశ్న అడిగినవారు ఒక్క సంగతి చెప్పాలి: బోర్డు డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్‌దా, ఈ మధ్య ర్యామ్ గానీ బయోస్ గానీ మార్చారా? అలా మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్‌కు, అంటే బోర్డు ఆ ర్యామ్‌కు తగ్గట్టు తన సెట్టింగులు సరిచేసుకోవడానికి, కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో కంగారుపడి స్విచ్ ఆపేస్తే అది మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఏదీ కొనకముందు ఒకసారి పది, పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేసి, ఏ దీపం వెలుగుతోందో ఇక్కడ రాయండి.